చివరి ముక్క

ఫిబ్రవరి 3, సోమవారం

నా కుర్చీ పోయింది.

భోజనాల గదిలో కిటికీ పక్కన ఉండేది. సన్నటి చెక్క కుర్చీ, రెండు చేతులు, కూర్చుంటే నాకు అతికినట్టు సరిపోయేది. పొద్దున వెళ్లేసరికి గదిలో కుర్చీలన్నీ మార్చేశారు. కొత్తవి వెడల్పుగా ఉన్నాయి, చేతుల్లేవు. ఎవరికోసం ఇవి అని నర్సు అన్నెలీని అడిగితే, అందరికోసం హిల్లెవీ, అంది. అందరికోసం అంటే నాకోసం కాదని అర్థం.

ఇదంతా కొత్త పెద్ద డాక్టరు సిగ్రిడ్ చలవ. కారిడార్‌లో బరువు చూసే మిషను కూడా తీయించేసింది. తిండి మానేసే జబ్బు సన్నవాళ్ల సొత్తు కాదు, ఇకనుంచి ఇక్కడ మంచం ఎవరికివ్వాలో ఒళ్లు చూసి తేల్చం, గుండె ఎలా ఉంది, రక్తం ఎలా ఉంది, పళ్లెం ముందు కూర్చుంటే మనిషి ఏమైపోతోంది, అవి చూస్తాం అని మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. నావైపు చూసి చెప్పలేదు. అయినా నాకే తగిలింది.

ఈ వార్డులో పెద్ద జబ్బు నాది. వచ్చిన ప్రతి డాక్టరూ నా మంచం దగ్గరికి రాగానే గొంతు తగ్గించేవాడు. అది గొప్ప కాదని తెలుసు. నాకున్న గొప్ప అదొక్కటే మరి. స్కూల్లో పిల్లలకి కుట్టుపని నేర్పే టీచర్ని, ఇంకెక్కడ ఎవరు నాకోసం గొంతు తగ్గిస్తారు?

ఫిబ్రవరి 6, గురువారం

గురువారం కాబట్టి బఠాణీల సూపు, పాన్‌కేకులు. స్వీడన్ మునిగిపోయినా గురువారం నాడు అవే.

సూపు మధ్యలో ఒకావిడ వచ్చింది. యాభై ఉంటాయి. భారీ మనిషి. వంటింట్లో కొత్తగా చేరిందేమో అనుకున్నాను. లేకపోతే ఇక్కడున్న ఎవరి అమ్మో. అప్పుడు చూశాను, ఆవిడ నడిచి రావటం లేదు. చక్రాల కుర్చీలో ఉంది. తోస్తున్నది మా అన్నెలీ.

ఈ వార్డులో చక్రాల కుర్చీ ఊరికే ఇవ్వరు. గుండె నాలుగు మెట్లకి కూడా తట్టుకోదు అన్నవాళ్లకే. కిందటిసారి వచ్చినప్పుడు నాకిచ్చారు. అన్నెలీ నన్ను తోసుకుంటూ కిటికీ దాకా తీసుకెళ్లి నది మీద మంచు చూపించేది. ఇప్పుడు నేను నడవొచ్చట. బాగుపడుతున్నానట. బాగుపడేవాళ్లని ఎవరూ తొయ్యరు.

ఆవిడ పేరు ఇంగెలా. ఇక్కడే ఊమియోలో సిటీ బస్సు నడుపుతుంది. వస్తూనే, ఈ బండి నాకు కొత్త, బ్రేకెక్కడుందో తెలీదు, కాళ్లు లోపలికి పెట్టుకోండర్రా అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

సూపు మాత్రం ముట్టుకోలేదు. చెంచా పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు తెలుసు. అది నా చూపు. ఆవిడకెవరిచ్చారు?

ఫిబ్రవరి 7, శుక్రవారం

కుర్చీలే కాదు, బీపీ చూసే పట్టీ కూడా కొత్తదొచ్చింది. మా అందరికీ పాత బూడిదరంగు పట్టీ. ఇంగెలాకి నీలంది, వెడల్పుది. అన్నెలీ దాన్ని కవర్లోంచి తీస్తూ, పెద్ద చేతికి ఇరుకు పట్టీ కడితే మిషను అబద్ధం చెబుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఇన్నాళ్లూ నీ బీపీ భేషుగ్గా ఉందని చెప్పింది ఆ ఇరుకు పట్టీయే అయుంటుంది అని ఆవిడతో చెప్పింది. నీలం పట్టీ కట్టి చూస్తే బాగా తక్కువ ఉంది. అన్నెలీ గొంతు తగ్గించింది. ఆ తగ్గించటం నాకు వినపడింది.

మధ్యాహ్నం మూడింటికి ఫీకా, అంటే కాఫీ, దాంతోపాటు ఏదో ఒక తీపి. మామూలు రోజుల్లో ఎవరి పళ్లెంలో ఎంత పెట్టాలో నర్సులే పెడతారు. శుక్రవారం కాఫీకి మాత్రం కేకు బల్ల మధ్యన పెడతారు, ఎవరికి వాళ్లు తీసుకోవాలి. బయటి ప్రపంచానికి రిహార్సలట. ఇవాళ జిగట చాక్లెట్ కేకు. ఏడిపించుకుంటూ, ఏడుస్తూ తలా ఒక ముక్క అయింది. పళ్లెంలో ఒకటి మిగిలింది.

చివరి ముక్క మా దేశంలో ఎవరూ తీసుకోరు. మా అమ్మ తీసుకోదు, ప్రధానమంత్రి కూడా తీసుకోడనుకుంటాను. సగం కోసుకుంటాం. తర్వాతివాళ్లు ఆ సగంలో సగం. చివరికి చీమకి కూడా చాలని తునక మిగిలి, దాన్ని వంటింట్లో పారేస్తారు. ఇవాళా అంతే. ఇది మర్యాదా జబ్బా, ముందది తేల్చండి అని అన్నెలీ మా మీద కేకలేస్తూనే చెయ్యి చాచి తనూ సగం కోసుకుంది. కోశాక చూసుకుంది. అందరం పడీపడీ నవ్వాం, నేను కూడా.

ఇంగెలా ఒక్కతే కత్తి ముట్టుకోలేదు. నేను ఆ ముక్క మీద చెయ్యేస్తే బస్సు బస్సంతా లేచి నిలబడి చూస్తుందమ్మా, సగమైనా సరే, పావైనా సరే అంది. అన్నెలీ నవ్వు ఆపేసి, కావాలా వద్దా, అదొక్కటి చెప్పండి నాకు అని మమ్మల్నందర్నీ అడిగింది. కావాలి అనే మాట మా బల్ల దగ్గర బూతుమాట. నేనది తిండి పక్కన వాడి ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

అన్నెలీ ఆవిడ మంచం పక్కన కూర్చుని కాఫీ చల్లారేదాకా మాట్లాడింది. నాతో నిలబడే మాట్లాడింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇవాళ అందరం గుండ్రంగా కూర్చున్నప్పుడు ఇంగెలా తన కథ చెప్పింది. వినకూడదనుకున్నాను. విన్నాను.

పదమూడేళ్లప్పుడు స్కూలు నర్సు తిండి తగ్గించమందట. తగ్గించింది. ఆ తగ్గించటం ఆపటం మాత్రం చేతకాలేదు. తిననప్పుడల్లా ఊరంతా మెచ్చుకునేదట. డిపోలో కిందటేడు తోటి డ్రైవర్లు చందాలేసుకుని పూలగుత్తి ఇచ్చారు, శభాష్ ఇంగెలా, పట్టుదల అంటే నీది అని. అప్పటికి ఆవిడకి జుట్టు ఊడుతోంది, స్టీరింగ్ మీద వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఆరోగ్య కేంద్రానికెళ్లి కళ్లు తిరుగుతున్నాయంటే, మంచి దారిలో ఉన్నావు, ఇలాగే కానియ్ అన్నాడట డాక్టరు. చివరికి డిపోలో బస్సు పెట్టేసి దిగుతూ పడిపోయింది. ముందు బస్సు పెట్టాను, తర్వాతే పడ్డాను, అది రాసుకోండి అంది. మళ్లీ నవ్వులు.

ఇంత జబ్బుంటే ఇలా నవ్విస్తారా? నేను ఎవర్నీ నవ్వించలేదు ఎప్పుడూ. నా జబ్బు నాలాగే సీరియస్. అలా ఉంటేనే నమ్ముతారనుకున్నాను.

నన్ను చూసినవాళ్లు ఒక్కరూ పూలివ్వలేదు. అంబులెన్సు పిలిచారు. అదీ గుర్తొచ్చింది, కానీ దాని గురించి ఇవాళ ఆలోచించను.

ఫిబ్రవరి 24, సోమవారం

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పక్కమంచం జబ్బు కూడా రుచిగానే ఉంది.

ఒక వారం తిననని మొండికేస్తే ఆ చక్రాల కుర్చీ మళ్లీ నాదవుతుందని ఇవాళ స్నానం చేస్తూ అనుకున్నాను. అనుకున్నాక భయమేసింది. అన్నెలీకి చెప్పాను. మంచిపని చేశావు చెప్పి అంది. ఆ మాట అంటూనే గడియారం చూసుకుంది, ఇంగెలా మందుల టైము.

మార్చి 3, సోమవారం

చలికాలం సెలవుల వారం. ఊరు ఊరంతా స్కీలు కారు మీద కట్టుకుని కొండలకి పోయింది. సిగ్రిడ్ పోయింది, అన్నెలీ పోయింది. ఈ వారానికి అన్నెలీ బదులు ఒక మగ నర్సు వచ్చాడు, యెస్పర్. మా దేశంలో దక్షిణాదివాడు, మాల్మో ఊరు. కుర్రాడు మంచివాడే.

ఇక్కడివాళ్లం అవును అనటానికి నోరు తెరవం, ఊపిరి లోపలికి షుప్పున పీలుస్తాం. ఇంగెలాని నిద్ర పట్టిందా అని అడిగాడు. ఆవిడ షుప్ అంది. వాడు కంగారుపడి ఆక్సిజన్ కోసం పరుగెత్తబోయాడు. మేం నవ్వలేక చచ్చాం.

మార్చి 4, మంగళవారం

ఇవాళ క్రీము బన్నుల మంగళవారం. దేశమంతా తింటుంది, కాబట్టి మేమూ తినాలి.

పొద్దున టిఫిను దగ్గరే యెస్పర్ బీపీ చూశాడు. ఇంగెలా దగ్గరికొచ్చి కూడా అదే బూడిదరంగు పట్టీ కట్టాడు. చుట్టూ అందలేదు. అంటుకోవాల్సిన చోట రెండుసార్లు ఊడింది. ఊడకుండా చేత్తో అదిమి పట్టుకుని మిషను నొక్కాడు. నంబరు చూసి మొహం వెలిగింది. భేషుగ్గా ఉంది నీ బీపీ, ఈ చక్రాల కుర్చీ ఇంకా ఎందుకు, నాలుగడుగులు నడిస్తే నీలాంటివాళ్లకి మంచిదే కదా అన్నాడు.

నీలాంటివాళ్లకి అన్నప్పుడు ఇంగెలా కూడా నవ్వింది. అలవాటైన నవ్వు.

బన్నుల దగ్గర ఆవిడతో, కడుపు బరువుగా ఉంటే సగం వదిలెయ్, ఏం ఫర్వాలేదు అన్నాడు. ఆవిడ వెంటనే వదిలేసింది. నా పక్కన మాత్రం కుర్చీ వేసుకుని, ఆఖరి చుక్క క్రీము దాకా కదల్లేదు. నాకు రెండు వైపులనుంచీ కుళ్లుపుట్టింది. ఆవిడ జబ్బు మీద ఇన్నాళ్లూ ఉన్నదే, ఇప్పుడు ఆవిడ వదిలేసిన సగం బన్ను మీద కూడా.

సాయంత్రం 5 గంటలు

చక్రాల కుర్చీ కారిడార్‌లో ఖాళీగా ఉంది. ఎవరూ లేకుండా చూసి కూర్చున్నాను. అది వెడల్పు రకం. నాకు రెండు పక్కలా దిండ్లు పట్టేంత ఖాళీ. తోసేవాళ్లు లేరు కాబట్టి నేనే చక్రాలు తిప్పుకుంటూ కిటికీ దాకా వెళ్లాను. నది మీద పిల్లలు స్కేటింగ్ చేస్తున్నారు. కాసేపు చూశాను. కాళ్లకి చలేసి లేచి వచ్చేశాను.

మార్చి 5, బుధవారం

ఇంగెలా శుక్రవారం వెళ్లిపోతుందట.

పొద్దున టిఫిను దగ్గర చెప్పింది. నాకేం లేదని మిషనే చెప్పింది, నా మంచం కోసం బయట నిజంగా జబ్బున్న పిల్ల ఎవరో ఎదురుచూస్తుంటుంది, తప్పుకుంటాను అని. నిజంగా అన్నప్పుడు నావైపు చూసింది. అందరూ వద్దు వద్దన్నారు. యెస్పర్ గడ్డం గోక్కుని, వెళ్లాలంటే ఆపే హక్కు మాకు లేదు, శుక్రవారం సంతకం పెట్టి వెళ్లొచ్చు అన్నాడు.

నేను నా కాఫీ కలుపుకుంటూ కూర్చున్నాను. పట్టీ సంగతి ఆవిడ కాక నేనొక్కదాన్నే చూశాను, ఆవిడకేమో ఆ అబద్ధమే నచ్చింది. మిగతావాళ్లు ఆ టైములో ఎవరి పళ్లెం వంక వాళ్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం వచ్చిన రోజునుంచీ ఆవిణ్ని చూడటం తప్ప వేరే పని పెట్టుకోలేదు. అసూయకున్నన్ని కళ్లు నర్సులకి లేవు.

ఆవిడ వెళ్తే సోమవారానికి అన్నెలీ మళ్లీ నాది.

మార్చి 6, గురువారం, పొద్దున 11 గంటలు

కింద అంతస్తులో బొమ్మలేసే గది ఉంది. పైకి వస్తుంటే ఇంగెలా మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. మొహంలో రక్తం లేదు, పెదాలు కూడా తెల్లగా ఉన్నాయి. పైమెట్టు మీద నన్ను చూసి, ఇంజను వేడెక్కిందిలే, కాస్త చల్లారనీ అంది. కాసేపటికి లేచింది. నేను చెయ్యి ఇవ్వలేదు. చెయ్యి ఇస్తే అడగాల్సి వస్తుంది, అడిగితే చెప్పాల్సి వస్తుంది.

చెబితే ఏమవుతుందో తెలుసు. ఆ కుర్చీ మళ్లీ ఆవిడకెళ్తుంది. కిటికీ, అన్నెలీ, తగ్గించిన గొంతులు, అన్నీ ఆవిడవే. నేను ఇక నడిచేదాన్ని, అంతే.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఇంటికెళ్తుంది. తినదు. నేను తినకపోతే అంబులెన్సు వస్తుంది. ఆవిడ తినకపోతే పూలగుత్తి వస్తుంది. ఈసారి బస్సు పెట్టాక పడుతుందో, పెట్టకముందే పడుతుందో.

నాకిది న్యాయంగా లేదు. ఆవిడ మీద నాకున్న కోపం వేరు, ఇది వేరు.

మధ్యాహ్నం 3 గంటలు

చెప్పేశాను. మెల్లగా చెప్పాల్సింది. బఠాణీ సూపు మీద అందరి ముందూ అరిచాను. ఆ బూడిదరంగు పట్టీ ఆవిడకి కాదు, మూడేళ్ల పిల్ల జాకెట్టు తెచ్చి అమ్మమ్మకి తొడుగుతున్నావు, అది అబద్ధం చెబుతుంది, నీలంది రెండో సొరుగులో ఉంది, నీకు కళ్లు లేవా అని. ఎనిమిదేళ్లుగా టీచర్ని, నా గొంతుకి కిటికీలు అదురుతాయి.

యెస్పర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. కానీ వాదించలేదు, వెళ్లి నీలంది తెచ్చాడు. ఇంగెలాని కూర్చోబెట్టి ఒకసారి చూశాడు, నిలబెట్టి ఒకసారి చూశాడు. నిలబెట్టినప్పుడు నంబరు చూసి వాడి మొహం పాలిపోయింది. తర్వాతంతా పరుగులే. మంచం, గుండెకి వైర్లు, డ్యూటీ డాక్టరు. వెళ్తూ వెళ్తూ ఇంగెలా నన్నొక చూపు చూసింది. థాంక్స్ చెప్పే చూపు కాదది.

కూర్చుని చూసుకుంటే నా పళ్లెంలో పాన్‌కేకు లేదు. ఎప్పుడు తిన్నానో తెలీదు.

మార్చి 7, శుక్రవారం

ఇంగెలా మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. యెస్పర్ ఆవిడ మంచం దగ్గర నిలబడి, నీలాంటివాళ్లకి అన్నాను చూడు, ఆ మాటకి క్షమించు, పట్టీకి కూడా అని చెప్పి వెళ్లాడు. పోనీలే బాబూ, ఆ మాట నీకంటే పెద్దవాళ్లే అన్నారు అంది ఆవిడ. ఫీకాకి నన్ను పిలిపించుకుంది.

నీకెందుకు అమ్మాయ్ నా గొడవ, నన్ను పోనిస్తే నీ కిటికీ నీకుండేది కదా అంది. ఆవిడకన్నీ తెలుసు. వచ్చిన రోజునుంచీ చూస్తున్నా, నన్ను చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నావు అంది. యాభై రెండేళ్లలో నన్ను చూసి ఒక మనిషి కుళ్లుకోవటం ఇదే మొదటిసారి, ముందు వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆపుకున్నాను.

డాక్టరమ్మ చెప్పినా నాకు జబ్బుందని నేను నమ్మలేదు అంది ఇంగెలా. ఈ ఒంటితో ఆ మాట చెప్పుకోవటానికే సిగ్గేసేది. నీ మొహం చూసి సగం నమ్మాను. ఇంత కుళ్లుకుంటోందంటే ఏదో ఉండే ఉంటుందిలే అనుకున్నాను. మిగతా సగం నిన్న నువ్వు అరిచినప్పుడు నమ్మాను. అంత అసూయ పెట్టుకుని కూడా అరిచావంటే, నేను నిజంగానే పోయేలా ఉన్నానన్నమాట.

ఇప్పుడైనా కుళ్లు తగ్గిందా అని అడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పలేదు.

ఉంటావా మరి అని అడిగాను. కిటికీ వైపు చూస్తూ, ఊపిరి లోపలికి షుప్పున పీల్చింది.

మార్చి 10, సోమవారం

అన్నెలీ వచ్చింది. ఎండకి ముక్కు కాలింది. అంతా విని ముందు ఇంగెలాని కావలించుకుంది. తర్వాత నన్ను. ముందు ఆవిణ్నే.

ఇంగెలాని కిటికీ దాకా తోసుకెళ్తూ, నువ్వూ రా హిల్లెవీ అంది. పక్కన నడిచాను. నది అంచుల్లో మంచు కరుగుతోంది. సిగ్రిడ్ ఆ నీలం పట్టీని సొరుగులోంచి తీయించి మిషనుకే తగిలించింది. ఇంకెవరూ వెతుక్కోనక్కర్లేదు.

మార్చి 14, శుక్రవారం

ఫీకా. జిగట చాక్లెట్ కేకు. పళ్లెంలో చివరి ముక్క. అందరం కత్తి వంక చూస్తున్నాం.

ఇంగెలా కత్తి తీసి పక్కన పెట్టింది. ముక్క మొత్తం చేత్తో తీసుకుంది. తొందరేం లేకుండా తింది, వేళ్లు కూడా నాకింది. ఎవరూ లేచి నిలబడలేదు. అన్నెలీ కళ్లు తుడుచుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క మీద మొదటినుంచీ నా కన్నుంది. అది నాకు కావాలి.